బావ గొంతును ఊడ్చేసిన మధ్యాహ్నం

చనిపోయిన మనిషి రోజూ పొద్దున్నే పలకరించే ఇంట్లోకి వెళ్లాలంటే ఎవరికైనా కాస్త బెరుకే. ఇంజినీరుకి బెరుకుతోపాటు మొహమాటం కూడా ఉండేది. ఆ పలకరింపుకి కావలసిన సరంజామా అంతా కొని, బిగించి, నడిపించి పెట్టింది అతనే మరి.

ఇంజినీరు అంటే నిజంగా ఇంజినీరని కాదు. ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమస్తా. ఎప్పుడో చుట్టాలింట్లో మొరాయించిన ప్రింటర్ని అటూ ఇటూ కుదిపి పని చేయించిన పాపానికి అందరూ కలిసి ఆ బిరుదు తగిలించారు. అతనూ కాదనలేదు, పొగిడితే ఉబ్బిపోయే రకం. ఎవరింటికి వెళ్లినా టీ వచ్చేలోపు వాళ్ల కంప్యూటర్లో ఒక రిజిస్ట్రీ క్లీనర్ ఎక్కించేవాడు. "చూడండి, లోపల ఎంత చెత్త పేరుకుపోయిందో" అని తెర చూపించేవాడు. ఎర్రటి అక్షరాల్లో వందల తప్పులు కనిపిస్తే ఎవరికైనా కంగారు పుడుతుంది, ఒక్క నొక్కుతో అవన్నీ మాయమైతే ప్రాణం లేచొస్తుంది. ఆ తర్వాత కంప్యూటరు నిజంగా వేగం పుంజుకుందా అని చూసిన నాథుడు లేడు.

అతని బావ, అంటే అక్క భర్త, బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడమే ఉద్యోగం. చెప్పే ముందు చిన్నగా "ఊఁ" అని గొంతు సవరించుకునేవాడు, చివరి మాటని కాస్త సాగదీసి వదిలేవాడు. ఇంట్లోనూ అదే వరస. అన్నం పెట్టమన్నా బస్సు బయల్దేరుతున్నట్టే ఉండేది. ఆ గొంతుకే పుండు పుట్టింది. గొంతు తీసేస్తే గానీ మనిషి దక్కడన్నారు డాక్టర్లు.

ఆపరేషన్‌కి ముందు ఇంజినీరు ఎక్కడెక్కడో వెతికి ఒక ప్రోగ్రాం తెచ్చాడు. అది తెర మీద చూపించే వాక్యాలన్నీ చదివి ఇస్తే చాలు, ఆ తర్వాత ఏం టైపు చేసినా మన గొంతుతోనే పలుకుతుంది. వెనక గదిలో గోడలకి దుప్పట్లు వేలాడదీసి, గొంతు నొప్పెడుతున్నా బావ రోజుల తరబడి చదివాడు. ఆపరేషన్ అయ్యాక ఒళ్లో కీబోర్డు పెట్టుకుని కంప్యూటరు చేత మాట్లాడించేవాడు. ఆ "ఊఁ" కూడా వచ్చేది, ఆ సాగదీతా వచ్చేది. అక్క మొదటిసారి విన్నప్పుడు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలోనే కూలబడిపోయింది.

జబ్బు తిరగబెట్టాక, మంచం దిగలేని రోజుల్లో, బావ అక్క కోసం కొన్ని మాటలు టైమ్ పెట్టి ఉంచాడు. పొద్దున, "ఏమోయ్, లేచావా? కళ్లజోడు తుడుచుకో." భోజనం వేళ, "ఆ దారం ఎక్కడికీ పారిపోదు, ముందు తిను." సాయంత్రం, "లైటు వేసుకుని కుట్టు." మనిషి పోయాడు గానీ ఆ మాటలు ఆపాలని ఎవరికీ తోచలేదు. తోచినా అక్క ఊరుకునేది కాదు.

అక్కది ఎంబ్రాయిడరీ పని. స్కూలు యూనిఫారాల జేబుల మీద బ్యాడ్జీలు, హోటలు తువ్వాళ్ల మీద పేర్లు కుట్టిస్తుంది. డిజైను కంప్యూటర్లో గీసి మిషన్‌కి పంపిస్తే సూది తన పని తాను చేసుకుపోతుంది. ఆ కంప్యూటరూ బావ మాట్లాడే కంప్యూటరూ ఒకటే. ఒకరోజు ఇంజినీరు చెప్పులు విప్పుతుండగా లోపల అక్క మాటలు వినిపించాయి.

"ఈ అంచుకి నీలం బాగుంటుందా, ఆకుపచ్చా?" అని అడిగి, తనే టపటపా ఏదో టైపు చేసింది. "ఊఁ, నీకు నచ్చింది వెయ్యవోయ్," అన్నాడు బావ. "ఎప్పుడూ ఇదే మాట, ఒక్కసారైనా సరిగ్గా చెప్పరు కదా," అని అక్క విసుక్కుంది.

ఇంజినీరు విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కున్నాడు. అడిగేదీ తనే, జవాబు కొట్టేదీ తనే, విసుక్కునేదీ తనే. ఆ రోజు ఇంటికెళ్లి భార్యతో అన్నాడు, "అక్క ఇలా ఉంటే ఏమైపోతుందో అని భయంగా ఉంది. ఆ పెట్టె నోరు ఎప్పటికైనా మూతపడాలి." భార్య అతని వంక అదోలా చూసి, మీ అక్కతో అలాంటి మాట అనకండి అని మాత్రం చెప్పింది.

అతను అనలేదు. అక్కే ఫోన్ చేసింది. డిజైను తెరుచుకోవడానికి యుగాలు పడుతోందనీ, స్కూళ్లు తెరిచే రోజులు దగ్గరపడ్డాయనీ, ఒకసారి వచ్చి చూడమనీ. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లాడు. పొరపాటునైనా ఆ వేళ ఎంచుకోకూడదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు.

ఎందుకంటే బావ గొంతు ఫైళ్లు కంప్యూటరు లోపల ఉండేవి కావు. లోపల చోటు చాలక, అరచేతిలో పట్టే విడి డ్రైవ్‌లో పెట్టి తీగతో తగిలించాడు ఇంజినీరు. అక్క రోజూ భోజనం కాగానే ఆ తీగ పీకి, డ్రైవ్‌ని బావ మంచం మీద దిండు పక్కన పెట్టేది. సాయంత్రం టీ తాగాక మళ్లీ తగిలించేది. బతికున్నప్పుడు బావ ఆ వేళకి కునుకు తీసేవాడు. "పొద్దున్నించీ మాట్లాడుతూనే ఉన్నారు, కాసేపు నడుం వాల్చనీ," అనేది ఎవరైనా అడిగితే. ఇంజినీరు చాలాసార్లు చూసి లోలోపల నవ్వుకున్న సంగతే అది. పనికి కూర్చున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

అక్క బట్ట కొనడానికి బజారుకి వెళ్లింది. ఇంజినీరు తన అలవాటు ప్రకారం క్లీనర్ ఎక్కించాడు. అది రిజిస్ట్రీ అంతా గాలించడం మొదలుపెట్టింది. రిజిస్ట్రీ అంటే ఏ ప్రోగ్రాం ఎక్కడుందో, ఎలా నడవాలో కంప్యూటరు గుర్తుపెట్టుకునే చోటు. మనిషికి జ్ఞాపకశక్తి ఎలాగో దానికి అది అలాగ. ఎర్ర అక్షరాలు పేజీలకి పేజీలు దిగాయి. దిక్కులేని ఎంట్రీలట. అంటే ఫలానా చోట ఫలానాది ఉందని రాసి ఉంది, వెళ్లి చూస్తే అక్కడ ఏమీ లేదు.

తుడిచే ముందు కాపీ దాచుకోమంటావా అని క్లీనర్ అడిగింది. ఆలస్యమవుతుందని ఇంజినీరు వద్దన్నాడు. కంప్యూటర్ని మళ్లీ వెనకటి స్థితికి తెచ్చే పాత రిస్టోర్ పాయింట్లు కూడా చెత్తేనంది, వాటినీ ఊడ్చెయ్యమన్నాడు. పేజీలు పైకి జరుగుతుంటే ఎక్కడో 'వాయిస్' అనే మాట కంటబడినట్టే అనిపించింది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. వెనక్కి జరిపి చూడొచ్చు. చూడలేదు. నొక్కాడు.

అక్క వచ్చి టీ పెట్టింది, డ్రైవ్ తెచ్చి తగిలించింది. లైటు వేసుకునే వేళయింది.

"లైటు వేసుకుని కుట్టు," అంది కంప్యూటరు.

అది బావ కాదు. ఎవరో కుర్రాడు. వార్తలు చదివేవాడిలా చక్కగా, చల్లగా, ఎక్కడా తడబడకుండా అన్నాడు. "ఊఁ" లేదు, సాగదీత లేదు. బావ గొంతు దొరక్క కంప్యూటరు తనతో పాటు పుట్టిన గొంతు తగిలించుకుంది.

అక్క చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. ఎవరో పరాయి మగవాడు చెప్పాపెట్టకుండా ఇంట్లోకి వచ్చినట్టు గదంతా కలయజూసింది. "ఎవర్రా అది?" అని అడిగింది, చాలా మెల్లగా.

ఇంజినీరు డ్రైవ్ తీగ పీకి మళ్లీ తగిలించాడు.

ఆ తర్వాత అతను తిరగని చోటు లేదు. గొంతు తయారుచేసిచ్చిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, ఎన్ని మెయిళ్లు పెట్టినా గోడకి చెప్పుకున్నట్టే. బావ చదివిన వాక్యాలన్నీ నేరుగా వాళ్ల దగ్గరికే పోయాయి, ఇంట్లో మిగల్లేదు. పెళ్లి వీడియోలో బ్యాండుమేళం తప్ప మనిషి గొంతు లేదు. ఫోన్లలో ఉన్నవి "ఇటు చూడండి, ఇటు" అనే కేకలు. చివరికి కంప్యూటర్ని చంకనేసుకుని రిపేరు షాపుకి వెళ్లాడు. షాపు నడిపే ఆవిడ డ్రైవ్ తెరిచి చూసి, చాలాసేపు కుస్తీ పట్టింది.

"ఫైళ్లు భద్రంగానే ఉన్నాయండీ. కానీ వాటికి తాళం వేసి ఉంది. ఆ తాళంచెవి రిజిస్ట్రీలో ఉండేది. మీరు తుడిచేసింది దాన్నే. మళ్లీ ఇవ్వాల్సిన కంపెనీ లేదు."

"డ్రైవ్ తీసేసి ఉంది. అంతే కదా. పోయినట్టు కాదు కదా."

"అది మీకు తెలుసు. క్లీనర్‌కి ఎలా తెలుస్తుంది? అది అడ్రసు పట్టుకెళ్లి తలుపు కొడుతుంది, ఎవరూ పలక్కపోతే ఇల్లు ఖాళీ అని కొట్టేస్తుంది. ఊరెళ్లారేమో, పడుకున్నారేమో అని ఆలోచించదు. ఇంట్లో వాడుకునే కంప్యూటర్లకి ఇవి అక్కర్లేదండీ. మేలు జరిగితే గోరంత. పోతే ఏం పోతుందో ముందు చెప్పలేం."

"మరి స్లో అయిపోయిందిగా?"

"డిస్కు నిండిపోయింది. పాత డిజైన్లు పక్కకి తీసి పెడితే సరిపోయేది."

ఆవిడ తప్పు పట్టినట్టు కూడా అనలేదు. తప్పు పట్టినా బావుండేదనిపించింది ఇంజినీరుకి. కంప్యూటర్ని తెచ్చి మళ్లీ బల్ల మీద బిగిస్తూ అక్కకి ఉన్నదున్నట్టు చెప్పాడు. 'వాయిస్' అన్న మాట కంటబడిన సంగతి తప్ప అన్నీ చెప్పాడు. అక్క తిట్టలేదు, ఏడవలేదు. పడుకున్న మనిషిని పోయాడనుకున్నారన్నమాట అంది.

"పోనీ, ఆ టైమ్ పెట్టిన మాటలు తీసెయ్యనా?" అని అడిగాడు.

"ఉంచు. గొంతు ఎవరిదైనా మాటలు ఆయనవేగా."

అలా ఆ కుర్రాడు ఆ ఇంట్లో స్థిరపడిపోయాడు. రోజూ పొద్దున్నే తన తల్లి వయసున్న ఆడమనిషిని "ఏమోయ్, లేచావా?" అని అడిగేవాడు. వినడానికి అసహ్యంగా, భయంగా ఉండేది. ఇంజినీరు ఆఫీసు నుంచి ఇంటికెళ్లే దారిలో రోజూ అక్క దగ్గర ఆగేవాడు. కూరలు తెచ్చేవాడు, బ్యాడ్జీలకి దారాలు కత్తిరించేవాడు. ప్రాయశ్చిత్తం అని పైకి అనలేదు గానీ అదే.

ఒకరోజు అక్క మిషన్ ఆపి, "ఒరేయ్, ఒక మాట చెప్పనా?" అంది. "ఆయన గొంతు తలుచుకుందామని కళ్లు మూసుకుంటే వీడి గొంతే వస్తోందిరా. పొద్దున్నించీ ప్రయత్నిస్తున్నా. ముఖం కనబడుతోంది, నోరు కదులుతోంది, మాట వీడిది." అప్పుడు ఏడ్చింది. బావ పోయిన రోజున కూడా అంతలా ఏడవలేదు. "పెట్టెలోంచి పోతే పోనీ అనుకున్నా. నాలోంచి కూడా పోతోంది."

ఇంజినీరు ఓదార్చబోయాడు. తనకి గుర్తుందేమో చూసుకుని ఒక్క మాటైనా బావలా అందామనుకున్నాడు. నోరు తెరిస్తే వార్తలు చదివే కుర్రాడే వచ్చేలా ఉన్నాడు. నోరు మూసుకున్నాడు.

మర్నాటి నుంచి అక్క కంప్యూటరుతో పేచీ పెట్టుకోవడం మొదలుపెట్టింది. అది "ముందు తిను" అనగానే, "అలా కాదు నాయనా, ముందో 'ఊఁ' ఉండాలి," అని దిద్దేది. దిద్ది తను అని చూపించేది. మొదట్లో ఆడగొంతు మగగొంతుని వెక్కిరిస్తున్నట్టు ఉండేది. ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. "తినూ... అని వదిలేసేవారు చూడు, చెయ్యి వదిలేసినట్టు," అనేది. మళ్లీ అనేది. ఇంకాస్త కిందికి దించి అనేది. కుట్టు కుడుతూనే, సూది చప్పుడు మధ్య, ఒకే మాట అన్నం ఉడికేంతసేపు అనేది. అక్క తేరుకుంటోందని ఇంజినీరు సంబరపడ్డాడు. భార్యకి చెప్పాడు కూడా.

ఆ తర్వాత అతనికి ఆఫీసులో పని ఎక్కువై, కొన్నాళ్లు అటు వెళ్లడం పడలేదు. మళ్లీ వెళ్లిన రోజున, సాయంత్రం, సగం మెట్లెక్కాక వినబడింది.

"ఊఁ... లైటు వేసుకుని కుట్టూ..."

బావ. అచ్చంగా బావ. ఎక్కడా తేడా లేదు. షాపావిడే ఎలాగో సాధించిందనుకున్నాడు, కంపెనీ వాళ్లే ఇన్నాళ్లకి పలికారనుకున్నాడు. తన నెత్తి మీది బండ దిగిపోయినట్టయింది. మిగిలిన మెట్లు పరుగున ఎక్కి గుమ్మంలో నిలబడ్డాడు.

కంప్యూటరు ఆపేసి ఉంది. ఆపడమే కాదు, బల్ల మీంచి దించి, తీగలన్నీ చుట్టి, మూలన పెట్టేసి ఉంది. దాని చోట చేతి కుట్టు బట్టలున్నాయి. అక్క లేచి లైటు వేసింది. "వేశాను లెండి, కేకలెందుకు," అంది తన గొంతుతో, గదిలో ఎవరూ లేని వైపు చూస్తూ. మళ్లీ కూర్చుని సూదిలో దారం ఎక్కించసాగింది.

ఇంజినీరు అక్కా అని పిలుద్దామనుకున్నాడు. ఇంతకుముందు తీగ పీకితే బావ ఊరుకునేవాడు. ఇప్పుడు పీకడానికి తీగ ఎక్కడుందో, ఎవరిని అడగాలో అతనికి తెలియలేదు. అక్క తలెత్తి అతన్ని చూసింది. సన్నగా గొంతు సవరించుకుంది.

"ఊఁ, ఏం బామ్మర్దీ, అక్కడే నిలబడ్డావే... లోపలికి రా."

పరిహాసమేమో అని ఆమె ముఖంలో వెతికాడు. దొరకలేదు. ఆమె జవాబు కోసం చూస్తోంది. అక్కా అందామని నోరు తెరిచాడు.

"వస్తున్నా బావా," అన్నాడు.