పది మాటల్లో ఐదు

మా ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన వంతులవారీగా చెప్పుకుంటాం. ఆ ఆదివారం వంతు రోరీది.

"ఈ తిండికీ, దీన్ని పండించిన చేతులకూ..." అని ఆగాడు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకుని అక్కడే ఆగాడు. మూడోసారీ అంతే.

"దేవుడికి చెవుడు లేదురా. మొదటిసారే వినపడింది" అన్నాడు మా ఆయన కెవ్, బంగాళాదుంపల గిన్నె అందుకుంటూ.

రోరీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అక్కడ రావలసింది 'దూరాన ఉన్న మావాళ్లకూ' అన్న మాట. ఎక్కడో దూరాన ఔయెన్ అనే పల్లెలో గోధుమలు పండించే తన అమ్మానాన్నల కోసం దాన్ని చేర్చింది వాడే.

ఫుటీ అంటే బంతిని చేత్తో పట్టి కాలితో తన్నే ఇక్కడి ఫుట్‌బాల్. ఆ క్లబ్బు కొత్తగా తీసుకున్న పిల్లల్ని మెల్‌బోర్న్‌లో ఎవరో ఒకరి ఇంట్లో ఉంచుతుంది. అలా పద్దెనిమిదేళ్ల రోరీ నవంబరులో మా ప్రెస్టన్ ఇంటికి వచ్చాడు. గోల్స్ కొట్టడమే వాడి పని. ముందురోజు శనివారం పెద్ద జట్టులో వాడి మొదటి ఆట. గాలిలో బంతినే చూస్తూ వెనక్కి పరుగెత్తి, ఎగిరి పట్టుకున్నాడు. ఎదురుగా వచ్చినవాడి మోకాలు వాడి తలకి తగిలింది. నేను లేచి నిలబడి శిలువ గుర్తు వేసుకున్నాను. వాడు లేచి, గోల్ కొట్టాడు. తర్వాత క్లబ్బు డాక్టరు పక్కకు తీసుకెళ్లి పరీక్షించి, బాగానే ఉన్నాడన్నాడు.

ఆ పరీక్ష ఏమిటో నాకు తెలుసు. నా భయమంతా అదే. పది మాటలు చదివి తిరిగి చెప్పమంటారు. జనవరిలో, ఏ దెబ్బా తగలకముందే ఒకసారి పెట్టి, ఎన్ని చెప్పారో రాసుకుంటారు. దెబ్బ తగిలాక దానితో పోల్చి చూస్తారు. అప్పట్లో రోరీ నాచేత మాటలు రాయించి ఈ బల్ల దగ్గరే సాధన చేశాడు. పదికి పదీ చెప్పేవాడు. పరీక్షనుంచి వచ్చి, "కావాలనే ఐదు చెప్పాను ఆంటీ. సీనియర్లు నేర్పారు. రేపు తల గిర్రున తిరుగుతున్నా ఐదు చెప్తే పాసే" అన్నాడు. నేను నవ్వి ఇంకో కేకు ముక్క వేశాను. ఎందుకు నవ్వానో!

లేచి, ఫ్రిజ్ తలుపు మీద ఇంకా అంటించి ఉన్న ఆ కాగితం తీసి చదివాను. "ఇప్పుడు చెప్పు."

"తింటుంటే ఇదేంటి ఆంటీ?"

"చెప్పు నాయనా."

"వేలు... దుప్పటి... నిమ్మకాయ..." కిటికీవైపు చూశాడు. "చీమ. పంచదార. ఐదు! పాసయ్యాను."

"జనవరిలో నిద్రలో లేపినా పదీ చెప్పేవాడివి."

"డాక్టరుకి చెప్పకండి ఆంటీ, మీకు దణ్ణం పెడతా. పన్నెండు రోజులు కూర్చోబెడతారు. ఈలోగా నా చోట్లో ఇంకొకడు నాలుగు గోల్స్ కొడితే నా ముఖం ఎవరు చూస్తారు?"

"ఆలోచించు వెర్నా, ఇది వాడి బతుకు" అన్నాడు కెవ్ మెల్లగా.

ఆలోచించాను. ముందురోజు సాయంత్రం రోరీ ఆ గోల్‌ని ఫోనులో మళ్లీ మళ్లీ చూశాడు. సంబరమనుకున్నాను.

"ఆ గోల్ అన్నిసార్లు ఎందుకు చూశావు?"

"కొట్టింది నేనేనా అని. చొక్కా మీద నంబరు నాదే. నాకు మాత్రం గుర్తులేదు ఆంటీ. ఇంటికెలా వచ్చామో కూడా గుర్తులేదు."

కెవ్ చేతిలో చెంచా బల్ల మీద పెట్టేశాడు.

ప్రతి శనివారం వాడికి గోల్స్ ఇమ్మనీ, వాణ్ణి కాపాడమనీ ఒకే ఊపిరిలో అడిగేదాన్ని. ఆ రెంటిలో ఏది గట్టిగా అడిగానో దేవుడికే తెలియాలి. క్లబ్బు డాక్టరుకి ఫోను చేశాను.

"జనవరిలో వాడికి వచ్చినవి ఐదు కాదు డాక్టర్, పది. నాకు అప్పుడే తెలుసు. నవ్వి ఊరుకున్నాను."

వాడికి ఏమేం గుర్తులేవో అడిగి తెలుసుకున్నాడు డాక్టరు. "వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. అతన్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి."

"నన్ను ముంచేశారు ఆంటీ" అన్నాడు రోరీ. అయినా వచ్చి కారులో కూర్చున్నాడు. బెల్టు పెట్టుకోవడం చేతకాకపోతే నేనే పెట్టాను. కెవ్ కారు తీశాడు. సెయింట్ జార్జెస్ రోడ్డు ఎక్కాక, "ఆ గోల్ ఎలా కొట్టానో చెప్పండి. మీరు చూశారుగా" అన్నాడు.

చెప్పాను. ఎడమకాలితో కొట్టావు, గాలి పక్కకి లాగినా నేరుగా పోయింది, అందరూ నీ మీద పడ్డారు అని.

విని తల ఊపాడు. రెండు సిగ్నళ్లు దాటాక మళ్లీ అడిగాడు.

"ఆంటీ, ఆ గోల్ ఎలా కొట్టాను?"

వాడి చెయ్యి పట్టుకుని మళ్లీ మొదటినుంచి చెప్పాను. ముందు సీటులో కెవ్ వేగం పెంచాడు.