గేటు పక్కన గదులు

మట్టితట్ట ఎత్తబోయి చిన్నకోడలు కూలబడిపోయింది. వెనకే వస్తున్న పెద్దకోడలు తన తట్ట పక్కన పడేసి, తోడికోడలి తల ఒళ్లోకి తీసుకుంది. ఒళ్లు కాలిపోతోంది. పెదవులు ఎండి పగిలాయి. పొద్దున్నుంచి నీళ్లెందుకు తాగలేదని అడిగితే, కళ్లు తెరవకుండానే చెప్పింది.

"తాగితే ఎక్కడికి పోను అక్కా?"

పెద్దామె కొంగుతో ఆమె నుదురు తుడిచింది. తనూ తాగలేదు. ఈ పాతకాలపు పార్కును బాగుచేసే పని మొదలైన కొత్తలో దాని వెనక పొదలుండేవి. ఒకరు వెళితే ఇంకొకరు చీర అడ్డం పట్టేవారు. పార్కు పూర్వం కట్టినప్పుడు ఎలా ఉండేదో అలాగే చెయ్యాలని ఆ పొదలన్నీ కొట్టించారు. ఇప్పుడు ఎక్కడ కూర్చున్నా నలుగురి కళ్లూ పడతాయి. ఆడకూలీలు ఒక్కొక్కరే నీళ్లు మానేశారు. ఆ సంగతి ఒకరితో ఒకరు అనుకోనైనా లేదు.

గేటు పక్కన, చూడవచ్చేవాళ్ల కోసం కట్టిన మరుగుదొడ్లున్నాయి. వాటి టైల్సు మోసిందీ, కట్టాక కడిగిందీ వీళ్లే. ప్రారంభోత్సవం దాకా ఎవరూ అడుగు పెట్టకూడదని కంట్రాక్టరు తాళం వేయించాడు.

మేస్త్రీ పరుగున వచ్చాడు. పెద్దామెకు వరసకు మరిది. చిన్నామెను నీడకు చేర్చి, ఈ పూట కూలి కొయ్యనన్నాడు. పెద్దామె తాళంచెవి అడిగింది. అతను గొంతు తగ్గించి, ఇస్తే తన పని కూడా ఊడుతుందని, కొన్నాళ్లు ఓర్చుకోమని బతిమాలాడు.

"ఈ మాట మీ ఆవిడతో అనగలవా?"

అతను తాళంచెవి ఉన్న జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

ఇంతలో కంట్రాక్టరు కారు వచ్చి ఆగింది. అద్దం దించి, పనెందుకు ఆగిందని అడిగాడు. ఆడవాళ్లు గబగబా తట్టలందుకున్నారు.

"లే వదినా, నా మాట విను," అన్నాడు మేస్త్రీ.

ఆమె లేచింది. కొత్తగా పరిచిన పచ్చికకు నీళ్లు పడుతున్న పైపు దగ్గరికి వెళ్లి వంగింది. దోసిలి పట్టి, ఊపిరాడనంతగా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని, తాళం వేసిన తలుపు ముందు చతికిలబడింది.

"తాళం తియ్యండి. అప్పుడే పని."

కంట్రాక్టరు కారు దిగాడు. తట్టలు నెత్తికెత్తుకున్న ఆడవాళ్లు ఎక్కడివాళ్లక్కడే నిలిచిపోయారు. వాళ్లలో ఒకామె అతన్ని ఒకసారి చూసి, తట్ట కింద పెట్టి, పైపు వైపు నడిచింది.