కిటికీ మీది పేరు

నా మనవరాలికి నా భార్య పేరు పెట్టలేదు. అది తప్పు. పెట్టనివాళ్లు ఏ కారణం చెప్పినా తప్పే.

మా వైపు దీనికొక పద్ధతి ఉంది. మొదటి ఆడపిల్లకు తల్లి తల్లి పేరు. రెండో పిల్లకు తండ్రి తల్లి పేరు. ఇందులో ఆలోచించడానికేమీ లేదు, పేర్ల పుస్తకాలు తిరగెయ్యాల్సిన పనీ లేదు. నా కూతురు ఊనాకు ఆ పేరు అలాగే వచ్చింది. అది మా అత్తగారి పేరు. ఆవిడకూ నాకూ పడేది కాదు. అయినా పెట్టాం. పడకపోవడం వేరు, పేరు వేరు.

నా భార్య పేరు గొబ్నిట్. ఐర్లండులో, కార్క్ కొండల్లో ఉన్న మా ఊరిని కాచే పునీతురాలి పేరు అది. ఊళ్లో ప్రతి రెండో ఇంట్లో ఒక గొబ్నిట్ ఉండేది. మేం వలసొచ్చిన ఈ డచ్చి ఊళ్లో, రోటర్‌డామ్‌లో, ఆమె ఒక్కతే. నేను రేవులో క్రేన్ నడిపాను, ఆమె ఒక బడిలో గదులు తుడిచింది. అక్కడి టీచర్లు గోబీ, గోబీ అని పిలిచేవారు. ఆమె నవ్వి ఊరుకునేది. నేనైతే ఊరుకునేవాణ్ణి కాదు. ఆమె పోయి రెండేళ్లయింది.

కిందటి చలికాలంలో ఊనా కడుపుతో ఉందనీ, ఆడపిల్ల అనీ తెలిసింది. ఇక్కడ స్కానులో చెప్పేస్తారు. చెప్పనిది పేరు ఒక్కటే. బిడ్డ పుట్టేదాకా పేరు బయటపెట్టకూడదని డచ్చివాళ్ల పట్టింపు. ఊనా ఇక్కడే పుట్టింది, వౌటర్ అనే ఇక్కడివాణ్ణే చేసుకుంది, ఆ పట్టింపు కూడా అంటించుకుంది.

"పేరు తేల్చారా?" అని అడిగాను.

"తేల్చాం నాన్నా."

"చెప్పు మరి."

"పుట్టాక."

"మీ అమ్మ పేరేగా. అందులో దాచడానికేముంది?"

ఊనా టీ కలుపుతోంది. కప్పులో చెంచా ఆగింది.

"పుట్టాక నాన్నా," అంది మళ్లీ.

కాదనలేదు కదా. ఔనన్నట్టే అనుకున్నాను.

ఫిబ్రవరిలో మా పునీతురాలి పండగ. ఆ రోజు మా వాళ్లు గుడికి రిబ్బన్లు తీసుకెళ్తారు. ఆమె బొమ్మకు తల నుంచి పాదాల దాకా ఆనించి, నడుం చుట్టూ తిప్పి, ఆ కొలత రిబ్బను ఇంటికి తెచ్చుకుంటారు. ఒంట్లో బాగోనివాళ్లకు కడతారు. కాన్పు దగ్గరపడ్డ ఆడవాళ్లకు ఇస్తారు. ఎక్కడెక్కడో ఉన్న పిల్లలకు పోస్టులో పంపుతారు. నేను ఊరికి ఫోన్ చేశాను. గొబ్నిట్ చెల్లెలు నెల్ అక్కడే ఉంటుంది.

"ఏమయ్యా డొనకా, బతికే ఉన్నావా?"

"నీకంటే ముందు పోను. రిబ్బను ఒకటి కావాలి. ఊనాకు."

"నువ్వడగాలా? తీసి పెట్టాను. పిల్లకు ఏం పేరనుకుంటున్నారు?"

"అదేం ప్రశ్న? మీ అక్క పేరే."

నెల్ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"పాపం ఆ పిల్ల," అంది తర్వాత, నవ్వుతూ. "ఆ డచ్చి నోళ్లలో పడి ఆ పేరు ఎన్ని ముక్కలవుతుందో! సరే, గుడికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్తాను."

"చెప్పు," అన్నాను.

చెప్పింది. ఫాదర్‌కు కూడా చెప్పింది. పండగ పూజలో, రాబోయే చిన్న గొబ్నిట్ కోసం అని పేరు చదివి ప్రార్థన చేశారు. పోస్టులో రిబ్బను వచ్చింది. ఆ సంగతంతా ఊనాకు చెప్పి చేతిలో పెట్టాను. దాన్ని నడుముకు కట్టుకుంది.

ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్నే వౌటర్ ఫోన్ చేశాడు. ఇక్కడి అల్లుళ్లు మామను పేరు పెట్టే పిలుస్తారు. "డొనకా, పాప పుట్టింది! ఇద్దరూ బాగున్నారు. వచ్చేయండి."

పేరు అడగలేదు. అడగాల్సిన పని లేదనుకున్నాను.

గడ్డం గీసుకుని, గొబ్నిట్ కొన్న కోటు వేసుకుని ట్రామెక్కాను. మలుపు తిరగ్గానే వాళ్ల గుమ్మం ముందు చెక్క కొంగ కనిపించింది. బిడ్డ పుట్టిన ఇంటి ముందు అలా నిలబెడతారు. కిటికీ అద్దం మీద గులాబీ కాగితపు అక్షరాలు అంటించి ఉన్నాయి. వీధిలో పోయే వాళ్లందరూ చదవగలిగేంత పెద్దవి.

లసర్.

మా భాషలో లసర్ అంటే మంట. మా ఇంట్లో గానీ, అత్తగారి వైపు గానీ ఆ పేరు గలవాళ్లు ఎవరూ లేరు. ఒక్క నిమిషం నిలబడి వెనక్కి తిరిగాను.

వెనక నుంచి ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడు. వౌటర్. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చేశాడు.

"డొనకా! ఆగండి. ఇల్లు ఇటు."

"ఇల్లు ఎటో నాకు తెలుసు."

"మరి?"

"ట్రాము ఎటో కూడా తెలుసు."

వాడు తాటిచెట్టంత మనిషి. ముందుకొచ్చి దారికి అడ్డం నిలబడ్డాడు. "మిమ్మల్ని వదిలేసి వెళ్తే ఊనా నన్ను చంపుతుంది. పచ్చి బాలింత, మంచం దిగకూడదు. నన్ను చంపడానికి దిగుతుంది."

"అది ఎవరి పేరు? మీ వాళ్లదా?"

"మా వాళ్లలో అంత మంచి పేర్లెక్కడివి? మా అమ్మమ్మ పేరు హెండ్రికా."

"మరి ఎవరిది?"

వాడు చెప్పుల వైపు చూసుకున్నాడు. "నాకు తెలుసు. కానీ నేను చెప్పేది కాదు. లోపలికి రండి."

వెళ్లాను. బాలింతను చూసుకోవడానికి వచ్చిన నర్సు, వెన్న రాసిన రస్కు మీద గులాబీ, తెలుపు సోంపు మిఠాయి చల్లి నా చేతిలో పెట్టింది. అది తినకపోతే ఇక్కడ అమర్యాద. తిన్నాను.

ఊనా దిండ్లకు ఆనుకుని ఉంది. గుండెల మీద బిడ్డ.

"అందంగా ఉందని ఒక్క మాటైనా అనవా?"

"కిటికీ మీద ఏమిటది?"

"దాని పేరు."

"మీ అమ్మ పేరు ఏమైంది?"

ఊనా బిడ్డ దుప్పటి సర్దింది.

"మున్సిపాలిటీలో రాయించడానికి వౌటర్ ఎప్పుడు వెళ్తాడు?"

"రేపు."

"అయితే ఇంకా టైముంది. అవి కాగితం ముక్కలు. పీకెయ్యండి."

"పీకం."

"గొబ్నిట్ అని ఊరంతా ప్రార్థన చేశారు."

"నువ్వు చేయించావు. నన్ను అడిగావా?"

"అడగడానికేముంది?"

"అదే నాన్నా. నీకు ఎప్పుడూ అడగడానికేమీ ఉండదు."

"జ్ఞానస్నానానికి నేను రాను."

"రాకు," అంది. గొంతు గట్టిగానే ఉంది. తర్వాత నర్సుతో డచ్చిలో ఏదో చెప్పి బయటికి పంపింది. "తలుపు వేసి కూర్చో," అంది నాతో.

కూర్చున్నాను.

"అమ్మ చెప్పింది. ఆసుపత్రిలో, నేను తల దువ్వుతుంటే చెప్పింది. నాకంటే ముందు ఒక పిల్ల ఉందట కదా."

కోటు గుండీ తిప్పుతూ ఉండిపోయాను.

ఆ పిల్ల మా ఊళ్లో, మా పెళ్లయిన మరుసటేడు పుట్టింది. ఊపిరి లేకుండా పుట్టింది. గుడిలో జ్ఞానస్నానం జరగని బిడ్డకు అప్పట్లో పేరుండేది కాదు. సమాధుల దొడ్లో చోటూ ఉండేది కాదు. ఫాదర్ గుమ్మంలో నిలబడే ఆ మాట చెప్పి వెళ్లిపోయాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన్ను నేను క్షమించలేదు. అలాంటి పసివాళ్ల కోసం పొలాల మధ్య వేరే చోట్లుండేవి. తండ్రి పెట్టె చంకన పెట్టుకుని ఒక్కడే వెళ్లాలి. తల్లి వెళ్లదు, ఎక్కడని అడగదు. నేను వెళ్లాను, వచ్చాను. గొబ్నిట్ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఆ ఏడే ఊరు విడిచి ఇక్కడికి వచ్చేశాం.

"జుట్టు ఎర్రగా ఉందట," అంది ఊనా.

"ఉంది," అన్నాను. అనకూడదనుకున్నా ఆగలేదు.

"అమ్మ దానికి పేరు పెట్టుకుంది. లసర్ అని. ఇంట్లో ఎవరిదీ కాని పేరు. దానికి ఇంకేమీ ఇవ్వలేదు కదా, పేరైనా అచ్చంగా దానిదే ఉండాలనుకుందట."

"నాకు చెప్పలేదు."

"ఆ మాట ఎప్పుడైనా ఎత్తనిచ్చావా?"

"ఎత్తితే కదా ఆపడానికి."

"నాకు ఆడపిల్ల పుడితే నీ పేరే పెడతానని అమ్మతో అన్నాను. అమ్మ ఏమందో తెలుసా? 'నా పేరు అరిగేదాకా నేనే వాడేసుకున్నాను. దానిది ఇంకా ఎవరూ వాడలేదు' అంది."

అది గొబ్నిట్ మాటే. ఊనా కల్పించగలిగేది కాదు. అన్నేళ్లు నా పక్కన పడుకుని ఆ పేరు లోపల పెట్టుకుంది. కూతురికి చెప్పింది, నాకు చెప్పలేదు. అందుకు ఆమెను కూడా క్షమించను.

ఊనా బిడ్డను నాకు అందించింది. తీసుకున్నాను. జుట్టేమీ లేదు, ఆ విషయంలో తండ్రి పోలిక. కోటు గుండీని పట్టుకుని వదల్లేదు.

"ఎక్కడ పెట్టావు నాన్నా?" అంది ఊనా. "అది ఒక్కటీ నిన్ను అడగలేకపోయానంది అమ్మ."

బిడ్డ కళ్లు తెరవకుండానే ఆవులించింది. దాన్ని చూస్తూ చెప్పాను. ఊనా వైపు చూడలేదు.

"సులాన్ నది దాటి పైకి ఎక్కితే పాత రాతి గోడ ఒకటి, గుండ్రంగా. లోపల ఒక ముళ్ల చెట్టు. చెట్టుకు ఎండ పడే వైపు. నదిలోంచి తెల్ల పలుగురాయి తెచ్చి పెట్టాను. నా రెండు పిడికిళ్లంత ఉంటుంది."

"ఒట్టి పెట్టెలోనేనా?"

"నా ఉన్ని స్వెట్టరు చుట్టాను. ఆ రోజు చలిగా ఉంది."

ఊనా ఏడ్చింది. ఏడవనిచ్చాను. బిడ్డ నిద్రలో మూలిగింది. "లసర్," అన్నాను, ఊరుకోబెట్టడానికి. ఊరుకుంది.

మర్నాడు వౌటర్ మున్సిపాలిటీకి వెళ్లి ఆ పేరే రాయించి వచ్చాడు. నేను ఆపలేదు. జ్ఞానస్నానానికి వెళ్లాను. వెనక వరసలో కాదు, ముందు వరసలో నిలబడ్డాను. అయినా గొబ్నిట్ పేరు పెట్టకపోవడం తప్పే. ఆ అభిప్రాయం మారలేదు.

ఆ ఆదివారం నెల్ ఫోన్ చేసింది.

"మా చిన్న గొబ్నిట్ ఎలా ఉందయ్యా?"

"దాని పేరు లసర్."

"ఏమిటీ? నన్ను ఊరందరి ముందూ ఫూల్‌ని చేశావే! ఎవరి పేరది?"

"నా పెద్ద కూతురిది," అన్నాను.

నెల్ గొంతు తగ్గించి, "డొనకా, ఆ బిడ్డను ఎక్కడ..." అని మొదలుపెట్టింది.

ఫోన్ పెట్టేశాను. చెప్పాల్సిన మనిషికి ఒకసారి చెప్పాను. ఇక నెల్ అడిగినా, ఊనాయే అడిగినా, ఆ మాట మళ్లీ నా నోట రాదు.