చదవకుండా పెట్టిన సంతకం

ఆ నవలలో నూట నలభై రెండు, నూట నలభై మూడు పేజీలు నావి. ఈ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మహారచయితకు తెలిసే అవకాశం ఉండేది, తన పుస్తకాన్ని తాను ఒక్కసారి చదివి ఉంటే.

నేను డీటీపీ ఆపరేటర్‌ని. రచయితలు చేత్తో రాసి తెచ్చిన కాగితాలను కంప్యూటర్లో కొట్టి, పేజీలు కట్టి, ప్రూఫు తీసి ఇస్తాను. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. వాళ్ల కొట్టివేతలూ, టీ మరకలూ చూసి చూసి, వాళ్ల మీద ఉండాల్సిన గౌరవం ఎప్పుడో అడుగంటింది. ఈ మహారచయిత కట్టలోనైతే ఏకంగా ఒక అధ్యాయం చివరి కాగితాలే గల్లంతు. హీరో తండ్రి ఆసుపత్రిలో పోయే ఘట్టం. నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లూ "బిజీగా ఉన్నానమ్మా, చూసి పంపిస్తా" అన్నాడు.

కాగితాలు రానప్పుడు మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఆ జాగా వదిలేస్తే తరువాతి పేజీల లెక్కంతా తప్పుతుంది. అందుకని అంత నిడివికి ఏదో ఒకటి నింపి, "ఇది మీది కాదు, అసలుది పంపండి" అని పసుపు చీటీ అంటిస్తాం. మామూలుగా ఏ పాత కరపత్రమో నింపుతాం. ఆ రోజు నా చేతికి మా నాన్న వచ్చాడు.

నాన్న కంపోజిటర్. సీసపు అక్షరాలను గళ్లలోంచి ఏరి వరుసగా పేర్చే పని నలభై ఏళ్లు చేశాడు. చిన్నప్పుడు ఆయన పక్కన స్టూలెక్కి నిలబడి, ఏ అక్షరం ఏ గడిలో ఉంటుందో నేనూ నేర్చుకున్నాను. చివరి మూడు రోజులూ పక్షవాతంతో ఆయన నోరు పడిపోయింది. కుడిచేతి వేళ్లు మాత్రం దుప్పటి మీద తిరుగుతూనే ఉన్నాయి, పైకి, కిందికి, పక్కకి. అక్షరాలు ఏరుతున్నాడని నాకు గంటలోనే అర్థమైంది. రెండే మాటలు. మళ్లీ మళ్లీ అవే. కొట్టేటప్పుడు ఆ మూడు రోజుల సంగతంతా రాశాను, ఆ రెండు మాటలేమిటో మాత్రం రాయలేదు.

ప్రూఫు వారంలో తిరిగొచ్చింది. చివర "చూశాను, అచ్చుకు పంపండి" అని రాసి ఇంత పొడుగు సంతకం. పసుపు చీటీ అంటించిన చోట అంటించినట్టే ఉంది. మా ఓనరుతో చెప్పబోతే, సగం కూడా వినకుండా "సంతకం పడ్డాక మనం వేలు పెట్టకూడదు, పంపెయ్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చీటీ పీకి పంపేశాను. తప్పే. అయినా మళ్లీ అలాంటి ప్రూఫు వస్తే మళ్లీ అదే చేస్తాను.

నవల అచ్చయి వచ్చాక, పుస్తకాల పండగకి నన్ను తీసుకెళ్లింది మా తమ్ముడు. వాడు సాహిత్యాభిమాని. ఏటా ఆ మూడు రోజులూ ఆఫీసుకి సెలవు పెట్టి, మెడలో బ్యాడ్జీ వేసుకుని, డేరా డేరాకీ తిరిగి ప్రసంగాలు వింటాడు. రెండేళ్ల కిందట నాన్న ఆసుపత్రిలో ఉన్న మూడు రోజులు కూడా సరిగ్గా పండగ రోజులే. ఆసుపత్రి ఆ మైదానానికి రెండు బస్టాపుల దూరం. నేను ఫోన్ చేసినప్పుడల్లా వెనక చప్పట్లు వినిపించేవి. "ఈ ఒక్క ప్రసంగం అయిపోగానే వచ్చేస్తానక్కా" అనేవాడు. మూడో రోజు సాయంత్రం వచ్చాడు, రెండు సంచుల పుస్తకాలతో. అప్పటికి నాన్న వేళ్లు ఆగిపోయి గంటైంది. ముప్పై ఎనిమిదేళ్లొచ్చి బట్టతల పడినా వాణ్ణి చిన్నోడు అని పిలిచిన మనిషి ఆయనొక్కడే.

నేను వెళ్లింది మహారచయిత ప్రసంగం కోసం కాదు. ఒకే ఒక్క ప్రశ్న అడగడానికి. ఆ రెండు మాటలేమిటి? తెలియదనో, ఆ పేజీలు తనవి కావేమోననో ఆ పెద్దమనిషి అంటే చాలు, నాన్నను నాకు తిరిగిచ్చేసినట్టే. ఆ రాత్రికి హాయిగా నిద్రపోతాను.

డేరా కిక్కిరిసి ఉంది. పుస్తకాలతో ఫొటోలు దిగేవాళ్లు దిగుతున్నారు, చదివేవాడు ఒక్కడూ కనబడలేదు. ముందు వరుసలో ఒకాయన నిద్రలోనే తలాడిస్తున్నాడు. వేదిక మీద ప్రొఫెసరు ఒకరు పావుగంట పాటు మహారచయితను ఆకాశానికెత్తి, చివరికి కిందికి దించి, నూట నలభై రెండో పేజీ చదవమన్నాడు. నాలుగు పత్రికలు మెచ్చుకుంది ఆ రెండు పేజీలనేనట.

ఆయన చదివాడు. మా నాన్న దుప్పటి, మా నాన్న వేళ్లు, మంచం పక్క నేను కూర్చున్న విరిగిన స్టూలు, అన్నీ ఆయన గొంతులో దొర్లాయి. ఎక్కడ ఆగాలో తెలియదు, ఎక్కడ పడితే అక్కడ గొంతు వణికించాడు. నా పక్కన తమ్ముడు ముక్కు చీదుకుంటున్నాడు.

"ఎంత గొప్ప కొడుకక్కా" అన్నాడు నా చెవిలో.

ఆ నవలలో తండ్రి హెడ్మాస్టరు. జన్మలో సీసపు అక్షరం ముట్టనివాడు పోయేముందు అక్షరాలెందుకు ఏరుతున్నాడని ఒక్కరికీ అనుమానం రాలేదు. పైగా ప్రొఫెసరు దానికి అర్థం కూడా చెప్పాడు. "విద్యకు జీవితం ధారపోసినవాడి వేళ్లలో అక్షరం తనంతట తానే మొలకెత్తుతోంది" అన్నాడు. చప్పట్లు.

"నిజం చెప్పాలంటే ఆ రెండు పేజీలు నేను రాయలేదు" అన్నాడు మహారచయిత.

కుర్చీ అంచుకు జరిగాను.

"అవి నాచేత రాయించుకున్నాయి" అన్నాడు. మళ్లీ చప్పట్లు.

మైకు అడిగి తీసుకున్నాను. "ఆ తండ్రి వేళ్లతో ఏం మాటలు కూర్చాడండీ? పుస్తకంలో లేవు."

మహారచయిత కళ్లు మూసుకున్నాడు. తరువాత కళ్లు తెరిచి, సొంత తండ్రి గురించి చెబుతున్నట్టే చెప్పాడు.

"నిన్ను క్షమించాను నాయనా, సుఖంగా ఉండు, అని."

రెండే మాటలని నేను రాశాను. ఆయన అప్పుడే నోరారా చదివాడు. చదివింది ఆయనకే ఎక్కలేదు. జనం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. నాకు అసహ్యం వేసింది, ఆయన మీద, వాళ్ల మీద, ఇలాంటి నోటి నుంచి నిజం వస్తుందని అరగంట కూర్చున్న నా మీద.

తమ్ముడు నన్ను సంతకాల వరుసలోకి లాక్కెళ్లాడు. వాడి కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"నాన్న కూడా నన్ను క్షమించే ఉంటాడు కదక్కా?"

వాడికి కావలసిన మాట ఎవడో డేరాలో అప్పనంగా ఇచ్చేశాడు. వాడు దాన్ని జేబులో వేసుకుని ఇంటికెళ్లి హాయిగా బతికేస్తాడు. రెండేళ్లుగా వాడు బాధపడతాడని నేను కడుపులో దాచుకున్నదానికి ఇదీ గతి.

మా వంతు వచ్చింది. తమ్ముడు నూట నలభై మూడో పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు. అధ్యాయం అక్కడ ముగుస్తుంది. కింద అరపేజీ తెల్లగా ఉంది. మహారచయిత పక్కకు తిరిగి ఫొటో తీసేవాడితో ఏదో చెబుతున్నాడు.

"ఏమని రాయమంటారమ్మా?" అన్నాడు అటే చూస్తూ.

తమ్ముడు నోరు తెరిచేలోపు నేను చెప్పాను. "చిన్నోడు వచ్చాడా, అని రాయండి."

రాశాడు. మొహం కెమెరా వైపే ఉంది, చెయ్యి దానంతటది రాసుకుపోయింది. కింద ఇంత పొడుగు సంతకం. ప్రూఫు మీద పెట్టిందే. "ఆఁ, తరవాత ఎవరు?" అన్నాడు.

పక్కకు వచ్చాం. తమ్ముడు పేజీ చూసుకుని మురిసిపోతూ మొదలుపెట్టి, సగంలో ఆగాడు. పైన అచ్చులో "రెండే మాటలు, మళ్లీ మళ్లీ అవే" అని ఉంది. కింద సిరాలో ఆ రెండు మాటలు ఉన్నాయి. వాడు పైకి చూశాడు, కిందికి చూశాడు, నా మొహం చూశాడు.

"ఇది నాన్న..."

"అవున్రా. ఈ రెండు పేజీలు నేను రాసినవే. ఆయన చూసుకోలేదు."

వాడు ఆ సిరా మాటలను వేలితో తడిమాడు.

"మరి నువ్వేం చెప్పావక్కా, నాన్నకి?"

"దారిలో ఉన్నాడు నాన్నా, వచ్చేస్తున్నాడు, అని చెప్పాను. మూడు రోజులూ అదే చెప్పాను."

పక్క డేరాలో తరువాతి ప్రసంగం మొదలవుతోందని మైకులో పిలిచారు. జనం అటు పరిగెత్తారు. మెడలో బ్యాడ్జీతో, చేతిలో తెరిచిన పుస్తకంతో, తమ్ముడు అక్కడే నిలబడిపోయాడు.