పదహారో కరాసు

రిటైరయ్యాక ఇంట్లో తనకి ఉద్యోగం లేదని నురెత్తిన్‌కి మూడు రోజుల్లో అర్థమైంది. ముప్ఫైఏళ్ళు భూముల రిజిస్ట్రీ ఆఫీసులో ముద్రలు వేసిన చెయ్యి ఊరుకోదు కదా. ఫ్రిజ్ తలుపు పదేపదే తెరవద్దన్నాడు. పప్పు ఎలా కడగాలో భార్య ఫెరిహాకి నేర్పబోయాడు. నాలుగోరోజు ఆవిడ బుట్టెడు చిక్కుడుకాయలు ముందు పెట్టి, ఈనెలు తియ్యమంది. ఐదోరోజు అతను సంఘం పెట్టాడు.

ఇస్తాంబుల్‌లో ముందు "మీదే ఊరు?" అని అడిగాకే పేరు అడుగుతారు. నురెత్తిన్‌ది ఎర్జింజాన్ వైపు, కరాసు నది ఒడ్డు. అందుకని 'కరాసు నదీతీరవాసుల సంఘం'. బేకరీ మీద గది, నాలుగు బల్లలు, టీ పొయ్యి, అధ్యక్షుడికి చేతుల కుర్చీ. పొద్దున వెళ్తే సాయంత్రందాకా ఈనెల గొడవ లేదు.

చట్టం ప్రకారం ఆరునెలల్లో పదహారుమంది చేరకపోతే మాత్రం సంఘం మూసెయ్యాలి. తనతో కలిపి తొమ్మిదిమందే తేలారు. ఆ నది ఒడ్డున పుట్టిన తక్కినవాళ్ళంతా అప్పటికే వేరే సంఘాలకి అధ్యక్షులు.

నురెత్తిన్ బెదరలేదు. నీళ్ళు కాస్త నల్లగా కనబడితే చాలు, 'నల్లనీళ్ళు' అనే అర్థంలో కరాసు అని పేరు పెట్టేసిన దేశం ఇది. ముష్ వైపు కరాసు నుంచి ముగ్గుర్ని, నల్లసముద్రం ఒడ్డు కరాసు నుంచి ఇద్దర్ని, బిట్లిస్ వైపు కరాసు నుంచి ఒకణ్ణి పట్టుకొచ్చాడు. పదిహేను.

"మీదీ ఒక నదేనా సిత్కీ అన్నా? బాతు దిగితే మోకాళ్ళు కూడా తడవవట!" అనేవాడు సముద్రంవైపు బెద్రీ.

"మీదేం గొప్ప? సముద్రంలో పడి పేరు పోగొట్టుకునే కాలవ!" అనేవాడు ముష్ సిత్కీ.

కింద బేకరీవాడు మాత్రం "ఈ కరాసువాళ్ళ గోల భరించలేం" అన్నరోజు, పదిహేనుమందీ ఒక్కటై మెట్లు దిగారు.

గడువులో ఆఖరి శుక్రవారం వచ్చింది. కరాసు ఇంటిపేరున్న పళ్ళ డాక్టరుని అడిగితే, "అది అందరూ ఇంటిపేరు పెట్టుకోవాలని చట్టం వచ్చినప్పుడు మా తాతకి గుమాస్తా రాసిచ్చిన పేరండీ, మేం నది మొహమే చూళ్ళేదు" అని, మర్యాదకి ఒక పన్ను పరీక్ష చేసి పంపేశాడు. నురెత్తిన్ మధ్యాహ్నం ఇంటికొచ్చి కూలబడ్డాడు.

"ఒక్క మనిషి! సాయంత్రం ఐదులోగా ఒక్క కరాసు మనిషి దొరికితే చాలు."

"మా ఊరి వెనక వాగు కరాసే," అంది ఫెరిహా, చిక్కుడుకాయ విరుస్తూ.

"చటాల్జాలోనా? ముప్ఫైఆరేళ్ళలో ఒక్కసారన్నా చెప్పావా?"

"మీరు ఒక్కసారన్నా అడిగారా? 'ఇస్తాంబుల్ పక్కవాళ్ళకి సొంతూరేముంటుందిలే' అని పెళ్ళిచూపుల్లోనే తేల్చేశారుగా."

నురెత్తిన్ పాత పటం తీసి కళ్ళజోడు పెట్టుకున్నాడు. సన్నటి నీలం గీత. పక్కన 'కరాసు'. ఆఫీసులో ఆ వాగు పక్క స్థలం కాగితాలకి ముద్ర వేసింది కూడా తనే.

"సంతకం పెడతాను," అంది ఫెరిహా. "పేరుకి మాత్రమే సభ్యురాలిగా ఉండను. రోజూ వస్తాను."

నురెత్తిన్ చేతుల కుర్చీని తల్చుకున్నాడు. చిక్కుడు బుట్టని చూశాడు. సంఘం మూతపడితే రోజూ ఇక్కడే, ఈ బుట్ట ముందే.

"ఇక్కడ పెట్టు," అని కాగితం జరిపాడు.

ఐదుకి పది నిమిషాల ముందు సంఘాల ఆఫీసులో ఆ కాగితం మీద ముద్ర పడింది.

సోమవారం పదిగంటలకల్లా నాలుగు బల్లల మీదా చిక్కుడుకాయలున్నాయి. ఊరికే కూర్చున్న పదిహేను జతల చేతుల్ని చూసి ఫెరిహా ఓర్చుకోలేకపోయింది. ముందు తొడిమ విరవాలని సిత్కీ, తోక విరవాలని బెద్రీ అప్పుడే కేకలు మొదలెట్టారు.

"అధ్యక్షా, మీరు చెప్పండి! మీ నదివైపు ఎలా తీస్తారు?" అన్నారు ఇద్దరూ.

నురెత్తిన్ చేతుల కుర్చీలో నిటారుగా కూర్చుని, బుట్ట ఒళ్ళోకి లాక్కున్నాడు.

"మా అసలు కరాసులో," అన్నాడు గంభీరంగా, "రెండువైపులా తీస్తాం."