సగం దిగిన ర్యామ్

కొత్త ర్యామ్ వేసిన దగ్గర్నుంచి వదిన కంప్యూటర్ బీప్ బీప్‌మని మొత్తుకోవడమే తప్ప తెర వెలగడం లేదు. టైపింగ్ పని ఆగిపోయిందని ఆమె కబురు చేస్తే మరిది చిరాకుగానే వచ్చాడు. ప్లగ్గు పీకి, డబ్బా మూత తీసి చూశాడు. ర్యామ్ కార్డు ఒక పక్క దిగింది, రెండో పక్క పైకే ఉంది.

"సగం నొక్కి వదిలేశావేంటి వదినా? టక్కుమనేదాకా నొక్కొద్దూ!"

"విరుగుతుందేమోనని..." అంది వదిన, గొంతు తగ్గించి.

అతను ఆమె చేతుల వైపు చూశాడు. అన్న ఎముకల జబ్బుతో మంచాన పడ్డ ఏడాదంతా ఒళ్ళు తుడిచిందీ, పక్కకి తిప్పిందీ ఈ చేతులే. కాస్త గట్టిగా పట్టుకుంటే పుటుక్కున విరిగే ఎముకలవి. అన్న పోయిన సంగతి ఆ చేతులకి ఇంకా తెలిసినట్టు లేదు.

తనే నొక్కబోయినవాడు ఆగాడు.

"నువ్వే నొక్కు వదినా. దీనికి నొప్పెట్టదు."

వదిన రెండు బొటనవేళ్ళూ ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని నొక్కింది. టక్కుమంది. అతను ప్లగ్గు పెట్టి మీట నొక్కగానే తెర వెలిగింది.

ఆమె మాత్రం అటు చూడలేదు. ఎర్రబడ్డ బొటనవేళ్ళనే చూసుకుంటూ కూర్చుంది.