పైకప్పు మీది కార్లు

స్లావ్కా నౌమోవ్‌స్కా, కీత్ రడ్‌మన్ కలిసి కంపెనీ పెట్టిన ఏడో ఏట, అక్కడ నడివేసవిలో వచ్చే క్రిస్మస్‌కి ముందరి శనివారం, సిడ్నీ దగ్గరి పోర్ట్ కెంబ్లాలోని వాళ్ల మొట్టమొదటి భవనంలో మాంసం కొట్టు చల్లగది తలుపు మూసుకోవడం మానేసింది.

ఆ భవనం కొన్నప్పుడు ఇద్దరి దగ్గరా చెప్పుకోదగ్గ సొమ్ము లేదు. స్లావ్కా తండ్రి ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేసి పోయాడు. మాసిడోనియా నుంచి ఆయనతో పాటు ఓడ దిగినవాళ్లు తలా కాస్తా వేస్తే, కీత్ తన మాటకారితనంతో బ్యాంకును ఒప్పించాడు. కింద కొట్లు, పైన కాంక్రీటు కప్పు మీద కార్లు నిలిపే చోటు. దాని అద్దెలతో ఇంకోటి, ఆ తర్వాత మరోటి కొన్నారు. ఊరివాళ్ల పొదుపు తీసుకుని భవనాల్లో పెట్టి లాభం పంచే కంపెనీగా పేరు పడింది.

ఇక కీత్ చూపు అడవుల మీదా, ఓడరేవుల మీదా పడింది. "ఎన్నాళ్లని కొట్ల అద్దెలు ఏరుకుంటాం, స్లావీ? చెట్లయితే మనం పడుకున్నా పెరుగుతాయి" అనేవాడు. దానికి పెద్ద చెయ్యి కావాలి. ఆ పెద్ద చెయ్యి సిడ్నీలోని ఒక పింఛను నిధి. దాని తాలూకు మనుషులు ఆ మధ్యాహ్నమే భవనం చూడడానికి వస్తున్నారు. కీత్ వాళ్లను తీసుకురావడానికి వెళ్లాడు. స్లావ్కా ముందుగా వచ్చి కొట్లన్నీ ఒకసారి చూసుకుంటోంది.

"రా తల్లీ, రా! ఇన్నాళ్లకి మేం గుర్తొచ్చామా?" అన్నాడు మాంసం కొట్టు మెర్వ్, చేతులు తుడుచుకుంటూ. "మీ పనివాడు రెండుసార్లు కీళ్లు మార్చి పోయాడు. మళ్లీ ఇదే తంతు. లోపల పండక్కి ఇవ్వాల్సిన పంది తొడలు వేలాడుతున్నాయి. కుళ్లితే నువ్వు వండుకుంటావా?"

స్లావ్కా తలుపును భుజంతో నెట్టి చూసింది. తప్పు తలుపులో లేదు, చట్రం ఒక పక్కకి ఒరిగింది. పక్కనున్న స్తంభం గార పొట్టలా ఉబ్బి, ఏటవాలుగా చీలి ఉంది. చీలికలోకి కారు తాళంచెవి దూర్చింది. పిడి దాకా దిగిపోయింది.

పైన ఏదో కారు కదిలింది. ఆమె చేతి మీద చిటికెడు ఇసుక రాలింది. చెయ్యి తియ్యకుండా అక్కడే నిలబడింది. ఇంకో కారు కదిలింది. మళ్లీ రాలింది.

మెర్వ్ ఫోను లాక్కుని సిడ్నీలో తమకు తెలిసిన ఇంజనీరు హెడ్లీకి చేసింది.

"చూడకుండా ఏం చెప్పమంటావు స్లావ్కా? పాత గార పెచ్చులూడుతోందేమో."

"పడిపోతుందా, పడిపోదా?"

"తెలీదు. బయల్దేరి వస్తా. నేనే అక్కడుంటే మాత్రం దాని కింద నిలబడను."

ఫోను పెట్టేసింది. కొట్టు బయట నడవలో క్రిస్మస్ తాత ముందు పిల్లల వరస గుమ్మం దాకా ఉంది. ప్రమాద గంట కొడితే ఏమవుతుంది? జనమంతా మెట్లెక్కి కార్ల దగ్గరికి పరిగెడతారు. ఉన్న కార్లన్నీ ఒక్కసారి కదులుతాయి. కాపలావాణ్ణి పిలిచి పైకెళ్లే మెట్ల దగ్గర నిలబెట్టింది. "నీ అమ్మ వచ్చినా పైకి పంపొద్దు. పైనున్నవాళ్లని నడిపించి దించు" అంది.

తర్వాత క్రిస్మస్ తాత చెవి దగ్గర వంగింది. ఆ గడ్డం వెనక ఉన్నది రిస్తో, ఆమె తండ్రితో కలిసి పనిచేసినవాడు.

"బాబాయ్, ఏమీ అడక్కు. పిల్లల్ని పాట పాడిస్తూ ఎదురు పార్కులోకి తీసుకుపో."

"ఈ ఎండలోనా? ఈ ఉన్ని బట్టలతోనా?" అన్నాడు గానీ, ఆమె మొహం చూసి లేచాడు. పిల్లలు వెళితే తల్లులూ వెళ్లారు. మిగతావాళ్లని స్లావ్కా కొట్టు కొట్టుకీ తిరిగి బయటికి పంపింది. మెర్వ్ బూతులు తిడుతూనే కదిలాడు.

కార్లు పైకెక్కే వాలుదారి మొదట్లో గొలుసు కట్టి, దాని ముందు తనే నిలబడింది. జనం మూగారు.

"బాంబా?" అడిగాడొకడు.

"కాదు."

"మంటలా?"

"కాదు. స్తంభం చీలింది."

"ఎంత చీలిందేంటి?"

స్లావ్కా తాళంచెవి చూపించి, "ఇంత లోతు" అంది. జనం గొల్లున నవ్వారు.

"మా ఇంటి గోడలో నా చెయ్యే పడుతుందమ్మా! ఐస్‌క్రీం కారిపోతోంది, నా కారు నాకియ్యి" అని ఒకావిడ గొలుసు పట్టుకుంది. స్లావ్కా ఆవిడ చెయ్యి విడదీసింది. అప్పుడే కీత్ కారు వచ్చి ఆగింది. వెనక సీట్లో సిడ్నీ నుంచి వచ్చిన ఒక మగాయన, ఒకావిడ ఉన్నారు.

కీత్ దిగి దగ్గరికొచ్చి, నవ్వు మొహంతోనే పళ్ల మధ్య నుంచి అన్నాడు. "ఏంటీ తమాషా?"

చెప్పింది.

"హెడ్లీ పడిపోతుందన్నాడా?"

"తెలీదన్నాడు."

"తెలీదన్నదానికి ఊరందర్నీ రోడ్డు మీద నిలబెట్టావా? వాళ్లని పైకి తీసుకెళ్లి సముద్రం చూపిస్తా, భోజనానికి తీసుకుపోతా. ఆ తర్వాత నీ ఇష్టం, బీగాలేసుకో. ఒక్క గంట, స్లావీ!"

"ఒక్క కారు కూడా ఎక్కదు, కీత్."

"ఈ గొలుసు తియ్యకపోతే మనం కలిసి పనిచెయ్యడం ఇదే ఆఖరు."

"అయితే ఇదే ఆఖరు."

కీత్ వెళ్లి కార్లో కూర్చున్నాడు. వెనక్కి పోతాడనుకుంది. కారు ముందుకి కదిలింది. జనం అరుపులు ఆగిపోయాయి. స్లావ్కా వీపుకి గొలుసు ఒత్తుకుంది. కారు ముందుభాగం మోకాలికి తగిలింది, వేడిగా. అద్దంలోంచి కీత్ కళ్లు కనిపిస్తున్నాయి. ఏడేళ్లుగా ఎరిగిన కళ్లే, కానీ వాటిలో తనని గుర్తుపట్టిన జాడ లేదు. కారు ఇంకో బెత్తెడు జరిగింది. ఆమె తప్పుకోలేదు.

వెనక సీట్లో ఆవిడ గొంతు వినిపించింది. "రడ్‌మన్, వెనక్కి తియ్యండి. ఇప్పుడే."

కారు వెనక్కి వెళ్లింది. అలాగే సిడ్నీ దారి పట్టింది.

సాయంత్రానికి హెడ్లీ వచ్చి స్తంభం చుట్టూ ఉక్కు ఊతలు పెట్టించాడు. కార్లు పండగయ్యేదాకా పైనే ఉండి, ఒక్కొక్కటే దిగాయి. గార కొట్టి చూస్తే లోపలి కడ్డీలు తుప్పు తినేసి వేలంత కూడా మిగల్లేదు. కట్టినవాడెవడో ఉప్పు కడగని సముద్రపు ఇసుక కలిపాడు. "ఈ పండక్కి కూలిపోయేదా?" అని స్లావ్కా అడిగితే, "కూలిపోయేదేమో. ఇంకో పదేళ్లు నిలిచేదేమో" అన్నాడు హెడ్లీ. అంతకన్నా ఏమీ చెప్పలేకపోయాడు.

కాబట్టి ఊరికి ఆమె పిరికిదిగానే మిగిలింది. మాంసమంతా పాడైపోయాక మెర్వ్ వేరే చోట కొట్టు పెట్టాడు, మళ్లీ పలకరించలేదు. పింఛను నిధి రాలేదు. కీత్ పొదుపుదార్లలో ఎక్కువమందిని వెంట తీసుకెళ్లి సిడ్నీలో సొంత కంపెనీ పెట్టాడు. అది బాగానే సాగింది కూడా.

మార్చిలో ఒక ఆదివారం, స్లావ్కా తల్లి పచ్చడికి మిరపకాయలు కాలుస్తున్న వంటింట్లోకి, తండ్రితో ఓడ దిగిన పాతవాళ్లు వచ్చి కూర్చున్నారు. వాళ్లూ సొమ్ము వెనక్కి అడగడానికే వచ్చారని స్లావ్కా అనుకుంది. ఇస్తే కంపెనీ ఇక లేనట్టే.

"నిజం చెప్పు, కూలుతుందని నీకు తెలుసా?" అడిగాడు రిస్తో.

"తెలీదు బాబాయ్. భయమేసింది, అంతే."

రిస్తో పక్కవాళ్ల వంక చూశాడు. "మా ఆవిడా ఇంతే. తాళం వేశామో లేదోనని సగం దారి నుంచి వెనక్కి లాక్కొస్తుంది. రోజూ తిట్టుకుంటా. ఇంతవరకూ మా ఇంట్లో దొంగ పడలేదు." రొట్టె తుంచుకున్నాడు. "నాది ఉంచు. వీళ్ల సంగతి వీళ్లనడుగు."

వాళ్లు ఒక్క మాట మీద లేరు. ఇద్దరు తీసుకున్నారు, నలుగురు ఉంచారు. ఆ నలుగురి సొమ్ముతో స్లావ్కా స్తంభాలన్నీ తిరిగి కట్టించింది, కొట్లు మళ్లీ తెరిపించింది. టాస్మేనియా దీవిలో మొదటి కలప తోట కొనడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. కొనే ముందు ఆ కొండంతా తనే నడిచింది. రిస్తో కర్ర పట్టుకుని వెంట వచ్చాడు, దారంతా మోకాళ్ల నొప్పుల మీద సణుగుతూ.